సైకోథెరపిస్ట్‌గా పని చేయాలంటే ఎక్కడ రిజిస్టర్ కావాలి? కోర్సులో చేరే ముందే చూసుకోవాల్సినవి ఇవీ

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హత ఉన్న కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సోషల్ వర్కర్‌ను గానీ కనీసం ఒకరిని నియమించుకోవాలన్నది వాటిలో ఒకటి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఎన్ని జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఉన్నాయో మీకు తెలియంది కాదు. కాబట్టి ఈ రంగంలో ఉద్యోగాలకు గిరాకీ పెరుగుతుంది. దాంతోపాటే 'ఆరు నెలల్లో సైకోథెరపిస్ట్ అవ్వండి' అనే ప్రకటనలూ పెరుగుతాయి. కానీ కోర్టు చెప్పింది 'అర్హత ఉన్న' వారి గురించి. ఆ అర్హత ఎవరిస్తారు? రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించుకోవాలి? దరఖాస్తు ఎలా చేయాలి?

వివరాల్లోకి వెళ్లే ముందు ఒక్క మాట. ఈ వృత్తిలో రిజిస్ట్రేషన్ వస్తుందా, రాదా అన్నది మీరు దరఖాస్తు చేసే రోజున తేలేది కాదు. కోర్సులో చేరిన రోజునే దాదాపు తేలిపోతుంది. గుర్తింపు లేని కోర్సులో రెండేళ్లు చదివి, లక్షల్లో ఫీజు కట్టాక దాన్ని సరిచేసే దారి ఉండదు.

సైకోథెరపిస్ట్ పేరుతో రిజిస్టర్ ఉందా?

లేదు. మన దేశంలో 'సైకోథెరపిస్ట్' అనే పేరుతో విడిగా చట్టబద్ధమైన రిజిస్టర్ లేదు. సైకోథెరపీ అనేది చికిత్స పద్ధతి. దాన్ని సైకియాట్రిస్టులు చేస్తారు, క్లినికల్ సైకాలజిస్టులు చేస్తారు, శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు కూడా చేస్తారు. చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఈ మూల వృత్తికే. అందుకే 'నేను సైకోథెరపిస్ట్‌గా రిజిస్టర్ అవ్వాలి' అనుకునేవారు ముందు ఏ వృత్తి ద్వారా అటు వెళ్లాలో నిర్ణయించుకోవాలి.

ఎవరు ఎక్కడ రిజిస్టర్ కావాలంటే:

- సైకియాట్రిస్ట్: ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టర్. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవుతారు. మందులు రాసే అధికారం ఉంటుంది.
- క్లినికల్ సైకాలజిస్ట్: రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ నిర్వహించే కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో పేరుండాలి. దీన్నే అందరూ సీఆర్‌ఆర్ అంటారు.
- క్లినికల్ కాని ఇతర సైకాలజిస్టులు, బిహేవియరల్ అనలిస్టులు, కొన్ని రకాల కౌన్సెలర్లు, మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు: వీరు 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి వస్తారు. ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్లు రాష్ట్ర కౌన్సిళ్లు చేయాలి.
- సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, మెంటల్ హెల్త్ నర్సులు, క్లినికల్ సైకాలజిస్టులు: మానసిక ఆరోగ్య చట్టం కింద 'మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్' హోదాలో పని చేయాలంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ వద్ద కూడా నమోదు కావాలి.

డాక్టర్ కాకుండా థెరపీ వృత్తిలోకి రావాలనుకునేవారిలో ఎక్కువ మంది వెళ్లేది రెండో దారిలోనే. అందుకే ఈ కథనంలో ప్రధానంగా దాని గురించే చెబుతున్నాం.

మూడు చట్టాలు, మూడు పనులు

ఈ రంగంలో గందరగోళానికి ఒక కారణం, మూడు చట్టాలు ఒకదానిపై ఒకటి పడటం. ఏది దేనికో తెలిస్తే సగం చిక్కు వీడిపోతుంది.

*ఆర్‌సీఐ చట్టం, 1992.* వైకల్యం ఉన్నవారి పునరావాసం కోసం పని చేసే వృత్తుల చదువును, రిజిస్ట్రేషన్‌ను చూసే చట్టం ఇది. ఆర్‌సీఐ కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ కింద ఉంటుంది. చట్టంలోని వృత్తుల జాబితాలో క్లినికల్ సైకాలజిస్టులు ఉన్నారు. గుర్తింపు పొందిన అర్హత, రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ వృత్తిని ప్రాక్టీస్ చేయకూడదని 13వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

*మానసిక ఆరోగ్య చట్టం, 2017.* ఇది 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎవరో ఇందులో స్పష్టంగా నిర్వచించారు. ఆర్‌సీఐ గుర్తించిన సంస్థ నుంచి క్లినికల్ సైకాలజీలో అర్హత ఉండాలి. లేదా సైకాలజీలో పీజీ తర్వాత, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ ఉండాలి. ఆ ఎంఫిల్‌కూ యూజీసీతో పాటు ఆర్‌సీఐ గుర్తింపు తప్పనిసరి.

*అలైడ్ అండ్ హెల్త్‌కేర్ చట్టం, 2021.* ఇది కేంద్ర ఆరోగ్య శాఖ పరిధిలోనిది. ఇందులో వృత్తులను 10 విభాగాలు చేశారు. ఆర్‌సీఐ పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మినహాయించి, మిగతా సైకాలజిస్టులను ఈ చట్టం షెడ్యూల్‌లో చేర్చారు. అంటే ఇంతకాలం ఏ కౌన్సిల్ పరిధిలోనూ లేని చాలామందికి ఇకపై రిజిస్ట్రేషన్ అనే మాట వర్తిస్తుంది.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, బోర్డు మీద 'క్లినికల్ సైకాలజిస్ట్' అని రాసుకోవాలంటే ఆర్‌సీఐ తప్పదు. ఎంఏ సైకాలజీ మాత్రమే చేసినవారు ఆ హోదా వాడకూడదు.

ఏ చదువు కావాలి? ఎంఫిల్ ఇంకా ఉందా?

ఇన్నాళ్లూ దారి ఇలా ఉండేది. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ, ఆపై ఆర్‌సీఐ గుర్తించిన రెండేళ్ల ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ. ఇంటర్ తర్వాత మొత్తం ఏడేళ్లు. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌కు పూర్వరూపమైన సంస్థలో 1955లో ఈ తరహా శిక్షణ మొదలైంది.

నూతన విద్యా విధానం వచ్చాక దేశంలో ఎంఫిల్‌ను నిలిపివేశారు. ఎంఫిల్‌లో ప్రవేశాలు ఇవ్వొద్దని, విద్యార్థులు కూడా చేరొద్దని 2023 డిసెంబర్‌లో యూజీసీ హెచ్చరించింది. అయితే మానసిక ఆరోగ్య రంగంలో నిపుణుల కొరతను దృష్టిలో పెట్టుకుని, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు గడువు ఇచ్చింది. ఇప్పటికే ఎంఫిల్ పూర్తి చేసినవారి రిజిస్ట్రేషన్‌కు దీనివల్ల ఇబ్బంది లేదు.

ఎంఫిల్ తర్వాతి కాలం కోసం ఆర్‌సీఐ క్లినికల్ సైకాలజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్, ఎంఏ, సై.డి. కోర్సులను తీసుకొచ్చింది. ఇక్కడే జాగ్రత్త అవసరం. పేరులో 'క్లినికల్ సైకాలజీ' అని ఉన్నంత మాత్రాన అన్ని కోర్సులూ ఒకే హోదా ఇవ్వవు. ఏ కోర్సు చేస్తే రిజిస్టర్‌లో ఏ హోదా వస్తుంది, సొంతంగా ప్రాక్టీస్ చేయొచ్చా, మరొకరి పర్యవేక్షణలోనే చేయాలా అన్నది ఆ కోర్సు కోసం ఆర్‌సీఐ విడుదల చేసిన సిలబస్‌లో చూసుకోవాలి. కాలేజీ కౌన్సెలర్ నోటి మాట మీద ఆధారపడొద్దు.

అలాగే రిహాబిలిటేషన్ సైకాలజీ, క్లినికల్ సైకాలజీ ఒకటి కావు. సికింద్రాబాద్ బోయినపల్లిలోని ఎన్‌ఐఈపీఐడీ వంటి సంస్థలు పునరావాస రంగంలో పేరున్నవే. కానీ రిహాబిలిటేషన్ సైకాలజీ చదివినవారి రంగం వేరు. రెండింటికీ ఆర్‌సీఐ ముద్ర ఉంటుంది కాబట్టి ఒకటే అనుకుని చేరేవారున్నారు. చేరే ముందే తేడా తెలుసుకోండి.

దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేయొచ్చా?

ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేయడం తెలుగు రాష్ట్రాల్లో మామూలే. అయితే 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో అందించడానికి వీల్లేదని యూజీసీ నిర్ణయం తీసుకుంది. అలైడ్ అండ్ హెల్త్‌కేర్ చట్టం పరిధిలోని కోర్సులన్నింటికీ ఇదే వర్తిస్తుంది. 'ఇంట్లో కూర్చునే ఎంఏ సైకాలజీ' అని ఇప్పుడు ఎవరైనా కొత్తగా అడ్మిషన్ ఇస్తామంటే అనుమానించాల్సిందే.

అంతకుముందే దూరవిద్యలో ఎంఏ పూర్తి చేసి, ఇప్పుడు క్లినికల్ కోర్సులో చేరాలనుకుంటున్నారా? మీ డిగ్రీని ఒప్పుకుంటారో లేదో ఆ సంస్థ ప్రాస్పెక్టస్‌లో చూడండి. స్పష్టత లేకపోతే ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోండి.

ఇంత శిక్షణ ఎందుకు?

'మాట్లాడటానికి ఏడేళ్ల చదువు ఎందుకు?' అని చాలామంది అడుగుతారు. ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటర్ చదివే కుర్రాడు రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు, మార్కులు పడిపోయాయి. ఇది పరీక్షల ఒత్తిడి కావచ్చు, డిప్రెషన్ కావచ్చు, తీవ్రమైన మానసిక వ్యాధికి తొలి లక్షణం కావచ్చు, మత్తు పదార్థాల ప్రభావమూ కావచ్చు. మొదటిదైతే కొన్ని సెషన్లు చాలవచ్చు. మిగతావాటికి సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపాలి. ఎప్పుడు తాను చూడాలి, ఎప్పుడు వెంటనే ఆస్పత్రికి పంపాలి అన్నది పుస్తకంతో రాదు. ఆస్పత్రి వార్డులో, ఓపీలో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో వందల కేసులు చూస్తేనే వస్తుంది. అందుకే చట్టంలోని నిర్వచనంలోనే 'పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ' అన్న మాట చేర్చారు.

ఫీజు కట్టే ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని గుర్తింపు పొందిన సంస్థల జాబితాలో ఈ కాలేజీ పేరు ఉందా? యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉంటే సరిపోదు. రెండూ వేర్వేరు.
2. గుర్తింపు ఏ కోర్సుకు ఉంది? ఒకే సంస్థలో స్పెషల్ బీఈడీకి ఆర్‌సీఐ గుర్తింపు ఉండి, సైకాలజీ కోర్సుకు లేకపోవచ్చు.
3. ఏ విద్యా సంవత్సరాలకు ఉంది? గుర్తింపు శాశ్వతం కాదు, కాలపరిమితి ఉంటుంది. మీరు చేరే బ్యాచ్ అందులో ఉండాలి.
4. ఎన్ని సీట్లకు అనుమతి ఉంది? అంతకు మించి చేర్చుకుంటే మీ పేరు ఎక్కడ పడుతుంది?
5. విద్యార్థిగా నా పేరును ఆర్‌సీఐకి ఎప్పుడు పంపుతారు? పంపినట్టు కాగితం ఇస్తారా?

ఈ ఐదింటికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వలేని కాలేజీలో చేరకపోవడమే మంచిది. 'గుర్తింపుకు అప్లై చేశాం, వచ్చేస్తుంది' అన్నది జవాబు కాదు.

ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు ఇలా

కోర్సు పూర్తయి, ఫలితాలు వచ్చాక దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లోనే చేయాలి. ఏజెంట్లు, మీసేవ కేంద్రాలు అవసరం లేదు.

మొదట ఆర్‌సీఐ అధికారిక వెబ్‌సైట్‌లోని సీఆర్‌ఆర్ విభాగంలో మీ మొబైల్ నంబర్, ఈమెయిల్‌తో లాగిన్ సృష్టించుకోండి. ఎప్పటికీ వాడే నంబర్, మెయిలే ఇవ్వండి. కాలేజీ మెయిల్ ఐడీ ఇస్తే కోర్సు అయిపోయాక అది పని చేయకపోవచ్చు. రెన్యువల్ సమయంలో ఇబ్బంది పడతారు.

తర్వాత వ్యక్తిగత వివరాలు, చదువు వివరాలు నింపాలి. మీ కోర్సుకు సరిపోయే వృత్తి విభాగాన్నే ఎంచుకోవాలి. ఇక్కడ పొరపాటు జరిగితే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

ఇవి స్కాన్ చేసి దగ్గర పెట్టుకోండి:

- పుట్టిన తేదీ కోసం పదో తరగతి మెమో
- డిగ్రీ, పీజీ, క్లినికల్ కోర్సు సర్టిఫికెట్లు, అన్ని సంవత్సరాల మార్కుల మెమోలు
- ఆధార్ వంటి గుర్తింపు కార్డు
- పాస్‌పోర్ట్ సైజు ఫొటో, సంతకం

ఫీజు ఆన్‌లైన్‌లో చెల్లించాక దరఖాస్తు నంబర్ వస్తుంది. దాన్ని, చెల్లింపు రసీదును దాచుకోండి. కౌన్సిల్ పత్రాలను పరిశీలించి, అన్నీ సరిగ్గా ఉంటే సీఆర్‌ఆర్ నంబర్‌తో సర్టిఫికెట్ ఇస్తుంది. లోపాలుంటే లాగిన్‌లో తెలుస్తుంది. కాబట్టి దరఖాస్తు పెట్టి ఊరుకోకుండా తరచూ స్టేటస్ చూస్తుండాలి. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా ప్రాక్టీస్ మొదలుపెట్టొద్దు.

ఇంటి పేరుతో వచ్చే చిక్కు

తెలుగువారికి ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇది. పదో తరగతి మెమోలో ఇంటి పేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా చివర ఉంటుంది. పెళ్లయ్యాక కొందరు మహిళల ఇంటి పేరు ఆధార్‌లో మారిపోతుంది, సర్టిఫికెట్లలో పాతదే ఉంటుంది. మనకు ఇవన్నీ ఒకే పేరు. పరిశీలించే అధికారికి మూడు పేర్లు.

దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఉన్నట్టుగానే పేరు రాయండి. ఆధార్‌ను దానికి తగ్గట్టు ముందే సరిచేయించుకోండి. పేరు పూర్తిగా మారిపోతే గెజిట్ ప్రకటన గానీ, పెళ్లి వల్ల మారితే మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ సిద్ధంగా ఉంచుకోండి. చివరి ఏడాదిలో ఉండగానే ఈ పని చేసుకుంటే, ఉద్యోగం చేతికొచ్చే వేళ ఆలస్యం కాదు.

రిజిస్ట్రేషన్ వచ్చాక

సీఆర్‌ఆర్ సర్టిఫికెట్ జీవితకాలం చెల్లదు. గడువు ఐదేళ్లు. ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. అందుకు ఆర్‌సీఐ ఆమోదించిన నిరంతర విద్యా కార్యక్రమాల్లో పాల్గొని పాయింట్లు సంపాదించాలి. వీటిని సీఆర్‌ఈ పాయింట్లు అంటారు. ఆఖరి ఏడాది దాకా ఆగితే నచ్చిన కార్యక్రమం దొరకదు, దొరికిన చోటికి పరుగెత్తాల్సి వస్తుంది. ఏటా కొన్ని పూర్తి చేసుకోండి. ఏ వర్క్‌షాప్‌కైనా డబ్బు కట్టే ముందు దానికి ఆర్‌సీఐ అనుమతి ఉందో లేదో చూడండి.

మానసిక ఆరోగ్య చట్టం కింద రాష్ట్ర అథారిటీ వద్ద నమోదు చేసుకోవడం మర్చిపోవద్దు. రోగులను చేర్చుకుని ఉంచే కేంద్రంలో ఉద్యోగానికి వెళ్తుంటే ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో మీరే అడగండి. రిజిస్ట్రేషన్ లేదని తెలిసీ అక్కడ మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్‌గా పని చేస్తే 25,000 రూపాయల వరకు జరిమానా మీకే పడవచ్చు. కేంద్రం నడిపేవారికి తొలి ఉల్లంఘనకు 5,000 నుంచి 50,000 రూపాయల వరకు ఉంటుంది.

మీ పరిధి కూడా చట్టంలో ఉంది. తన వృత్తి పరిధిలో లేని మందును, చికిత్సను సూచించకూడదని 106వ సెక్షన్ చెబుతోంది. సైకాలజిస్ట్ మందు చీటీ రాయకూడదు.

సర్టిఫికెట్ కోర్సులు, సంఘాల సభ్యత్వం పనికొస్తాయా?

నైపుణ్యం పెంచుకోవడానికి పనికొస్తాయి. లైసెన్స్‌గా పనికిరావు. సీబీటీ, హిప్నోథెరపీ, ఆర్ట్ థెరపీ వంటి చిన్న కోర్సులు ఎన్ని చేసినా రిజిస్టర్‌లో పేరు చేరదు. 1968లో ఏర్పడిన ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ క్లినికల్ సైకాలజిస్ట్స్ వంటి వృత్తి సంఘాల సభ్యత్వం గౌరవమే. అయినా అది ఆర్‌సీఐ నమోదుకు బదులు కాదు.

అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో చదివి వచ్చినవారికీ ఇదే సూత్రం. అమెరికాలో లైసెన్స్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇస్తుంది. అక్కడి లైసెన్స్‌తో ఇక్కడి రిజిస్టర్‌లో పేరు దానంతట అదే చేరదు. హైదరాబాద్ వచ్చి క్లినిక్ తెరవాలనుకునేవారు ఆ డిగ్రీని ఆర్‌సీఐ గుర్తిస్తుందో లేదో ముందు తేల్చుకోవాలి. ఇక్కడి సీఆర్‌ఆర్ నంబర్‌తో అక్కడ ప్రాక్టీస్ చేయడమూ కుదరదు.

మీరు థెరపీ కోసం వెళ్తున్నారా?

ఇదంతా వృత్తిలోకి వచ్చేవారికే కాదు, మీ పిల్లలను కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లాలనుకుంటే మీకూ పనికొస్తుంది. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకొనేవారిని సీఆర్‌ఆర్ నంబర్ అడగండి. అడగడం అవమానించడం కాదు. నిజంగా రిజిస్టర్ అయినవారు సంతోషంగా చెబుతారు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ నంబర్‌తో వెతికి పేరు, వృత్తి విభాగం, గడువు తేదీ మూడూ సరిపోయాయో చూడండి. విభాగం చూడటం ముఖ్యం. స్పెషల్ ఎడ్యుకేటర్‌కూ ఆర్‌సీఐ నంబర్ ఉంటుంది, కానీ ఆయన క్లినికల్ సైకాలజిస్ట్ కాదు.

పిల్లల కాలేజీలో కౌన్సెలర్‌ను నియమించామని యాజమాన్యం చెబితే, ఆయన లేదా ఆమె అర్హత ఏమిటో పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. ఫిజిక్స్ లెక్చరర్‌కు 'కౌన్సెలర్' అని బోర్డు తగిలిస్తే కోర్టు చెప్పింది పాటించినట్టు కాదు.

వెంటనే ఎవరితోనైనా మాట్లాడాల్సిన పరిస్థితి ఉంటే రిజిస్టర్లు వెతుక్కుంటూ కూర్చోవద్దు. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి.

ఇక ఈ ఏడాది కోర్సులో చేరాలనుకునేవారు ఈ రోజే చేయాల్సిన పని ఒక్కటే. కాలేజీ బ్రోషర్ పక్కన పెట్టి, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీ జాబితా తెరవండి. కాలేజీ, కోర్సు, సంవత్సరం, సీట్లు నాలుగూ సరిపోతేనే ఫీజు కట్టండి.